మా అబ్బాయికి ఆపరేషనా?

వింజమూరు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం పదిహేను రోజులుగా నా బల్ల మీద ఉంది. నాలుగు పేజీల ఉత్తరం. పేరు రాశారు గాని ప్రకటించవద్దన్నారు. అందులో ముఖ్యమైన భాగం ఆవిడ మాటల్లోనే ఇస్తున్నాను.

“డాక్టరు గారికి నమస్కారములు. నాకు ఒక్కడే కొడుకు. ముప్పై రెండేళ్ళు. హైదరాబాదులో కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇంటికి వచ్చినవాడు మళ్ళీ పోలేదు. ఇంట్లోనే కూర్చుని ఆ ఉద్యోగం చేసుకుంటున్నాడు. కోడలు గవర్నమెంటు స్కూల్లో టీచరు. పొద్దున ఏడున్నరకు బస్సెక్కితే సాయంత్రం అయిదు దాటాక ఇల్లు చేరుతుంది. ఇద్దరు పిలకాయలు. ఆడబిడ్డకు నాలుగేళ్ళు, మగబిడ్డకు ఏడాది దాటి రెండు నెలలు. వాళ్ళకు నీళ్ళు పోసేది, అన్నం పెట్టేది, ముడ్డి కడిగేది అంతా మావాడే. నాకు మోకాళ్ళ నొప్పులు, కూర్చుంటే లేవలేను. చిన్నవాడు కేజీ ఏడొందలు పుట్టాడు. కోడలు ఆపరేషనయి మంచం మీద ఉంటే, మావాడే చొక్కా విప్పి బిడ్డను ఎదకు కట్టుకుని ఆసుపత్రిలో కూర్చున్నాడు. చూసినవాళ్ళు నవ్వుతా ఉంటే నాకు తల కొట్టేసినట్టయింది. పోనీలే అని సర్దుకున్నాను. ఇప్పుడు కొత్తగా, పిల్లలు పుట్టకుండా ఆపరేషను తానే చేయించుకుంటానంటున్నాడు. కోడలికి రెండు కాన్పులూ పెద్దాపరేషన్లే. రెండోసారే ట్యూబులు కట్టేస్తామని డాక్టరమ్మ అంటే, బిడ్డ నిలదొక్కుకోనియ్యండి అని మేమే వద్దన్నాము. ‘ఇప్పుడు ఆమె పొట్ట మళ్ళీ కోయడమెందుకు, నాదైతే పది నిమిషాల పని’ అంటాడు వీడు. ఒక్కగానొక్క కొడుకు. వాడికేమన్నా అయితే ఎట్టా? అయిదెకరాల మెట్ట ఉంది. రేపు సేద్యం చేయాల్సి వస్తే బరువు ఎత్తగలడా? ఆడపనులు చేసీ చేసీ మగతనం తగ్గిపోబట్టే వాడికి ఈ బుద్ధి పుట్టిందని మా తోటికోడలు అంటున్నది. నిజమేనా? పత్రికలోనే జవాబు రాయండి. వాళ్ళిద్దరూ చదువుతారు. నేను 1992లో రాత్రిబడిలో చదువు నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే మన్నించండి.”

అమ్మా, ఉత్తరంలో అక్షర దోషాలు నాకు కనిపించలేదు. పొరపాటల్లా ఒక్క మాటలో ఉంది. దాని సంగతి కొంచెం ఆగి చెబుతాను.

లోపల జరిగేది ఇదీ

ఒక్క ముక్కలో జవాబు కావాలంటే, మీ అబ్బాయి బలానికీ మగతనానికీ వచ్చిన భయమేమీ లేదు. కాని ఆ ఒక్క ముక్కతో మీ భయం పోదని నాకు తెలుసు. “ఏమీ కాదు” అని చెప్పి నా సర్వీసు మొత్తంలో ఎంతమందిని ఒప్పించగలిగానో వేళ్ళ మీద లెక్క పెట్టవచ్చు. అంచేత లోపల ఏం జరుగుతుందో చెబుతాను.

మగవాడి వృషణాలు రెండు పనులు చేస్తాయి. వీర్యకణాలను తయారు చేయడం ఒకటి. టెస్టోస్టిరాన్ అనే హార్మోనును తయారు చేయడం రెండోది. మీసం, గడ్డం, గొంతు, కండబలం, కోరిక ఇవన్నీ ఈ హార్మోను చలవే. వీర్యకణాలు పురికొసంత లావు ఉండే ఒక గొట్టం గుండా పైకి పోతాయి. హార్మోను ఆ దారిన పోదు. అది తిన్నగా రక్తంలో కలుస్తుంది. వేసెక్టమీలో మేము చేసేదల్లా ఆ పురికొసలాంటి గొట్టాన్ని, అటొకటీ ఇటొకటీ, కోసి ముడి వేయడం. వీర్యకణాల దారి మూసుకుంటుంది. హార్మోను దారి ఎప్పటిలాగే ఉంటుంది. కాబట్టి ఆపరేషను చేయించుకున్న మనిషి పలుగు పట్టడానికి, బస్తా ఎత్తడానికి ఏ అడ్డూ లేదు. భార్యాభర్తల కలయికలో కూడా తేడా ఉండదు. స్ఖలించిన వీర్యంలో వీర్యకణాల వంతు వంద చుక్కల్లో అయిదు చుక్కలకు మించదు. మిగిలిందంతా వేరే గ్రంథులనుంచి వచ్చే ద్రవం. అది ఆగదు.

“తయారైన కణాలన్నీ లోపల పేరుకుపోతే వాపు రాదా డాక్టరుగారూ?” అని అడిగేవాళ్ళున్నారు. పేరుకుపోవు. శరీరమే వాటిని ఎప్పటికప్పుడు పీల్చేసుకుంటుంది.

పూర్వం కత్తితో గాటు పెట్టి కుట్లు వేసేవాళ్ళు. 1974లో చైనాలో లీ షున్‌చియాంగ్ అనే డాక్టరు కత్తీ కుట్లూ లేని పద్ధతి కనిపెట్టారు. సన్నటి మొనగల పరికరంతో చర్మానికి చిన్న రంధ్రం చేసి అందులోంచే గొట్టాన్ని బయటికి తీసి పని ముగిస్తారు. 1990లలో ఆ పద్ధతి మన దేశానికి వచ్చింది. మత్తు ఆ చోటికి మాత్రమే. పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. కాసేపు పడుకుని మనిషి నడిచి ఇంటికి పోతాడు.

ఆడవారి ట్యూబెక్టమీ ఇలాంటిది కాదు. చిన్న కోతతో చేసినా, లాప్రోస్కోపుతో చేసినా పొట్ట లోపలికి వెళ్ళవలసిందే. పైగా మీ కోడలికి ఇప్పటికే రెండుసార్లు పొట్ట కోశారు. అలాంటివారిలో లోపలి పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండవచ్చు. అప్పుడు ఆపరేషను చేసే డాక్టరుకు పని కష్టం, చేయించుకునే మనిషికి ప్రమాదం ఎక్కువ. మీ అబ్బాయి లెక్క సరిగ్గానే వేశాడు.

వేసెక్టమీలో బాధే ఉండదని నేననను. రెండు మూడు రోజులు నొప్పి, కొద్దిగా వాపు, చర్మం కమిలినట్టు నీలంగా కావడం మామూలు. కొద్దిమందికి చీము పట్టవచ్చు. నూటికి ఒకరిద్దరికి నొప్పి నెలల తరబడి ఉండవచ్చు. వాళ్ళకు చికిత్స ఉంది. ఇంకొకటి, మళ్ళీ పిల్లలు కావాలనుకుంటే గొట్టం అతికించడం కష్టమైన పని, అతికించినా ఫలితం ఖాయం కాదు. కాబట్టి ఇక పిల్లలు చాలని భార్యాభర్తలిద్దరూ గట్టిగా అనుకున్నాకే రావాలి.

ఆడపనులంటే ఏవి?

ఇప్పుడు ఆ పొరపాటు మాట సంగతి. “ఆడపనులు” అని రాశారు. బిడ్డ విషయంలో ఆడది తప్ప మరొకరు చేయలేని పనులు రెండే ఉన్నాయి. ఒకటి కనడం, రెండు పాలివ్వడం. నీళ్ళు పోయడానికీ, ముడ్డి కడగడానికీ, జోకొట్టడానికీ కావలసినవి రెండు చేతులు. అవి మీ అబ్బాయికి ఉన్నాయి.

ఎదకు కట్టుకుని కూర్చున్నాడని తల కొట్టేసినట్టయిందన్నారే, ఆ పని విలువ ఏమిటో చెబుతాను. నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టిన పిల్లలకు ఒంటి వేడి నిలవదు. 1978 ప్రాంతంలో దక్షిణ అమెరికాలో, కొలంబియా దేశపు బొగోటా నగరంలో, బిడ్డలను వెచ్చగా ఉంచే పెట్టెలు చాలక ఒక ఆసుపత్రివారు తల్లుల ఎదకే కట్టి ఉంచడం మొదలుపెట్టారు. కంగారూ తన పిల్లను సంచిలో పెట్టుకున్నట్టన్నమాట. పేదవాళ్ళ ఉపాయం అని అప్పట్లో తేలిగ్గా చూసినవాళ్ళున్నారు. మన దేశంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, ఇంకా నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రులు కలిసి చేసిన పరిశోధన 2021లో వెలువడింది. కేజీకి పైన, కేజీ ఎనిమిదివందలకు లోపు పుట్టిన మూడువేల పైచిలుకు పిల్లలను చూశారు. పుట్టినప్పటినుంచీ ఎదకు కట్టుకుని ఉంచినవారిలో నెలలోపు నూటికి 12 మంది పోయారు. ముందు మామూలు పద్ధతిలో ఉంచి, బిడ్డ కుదుటపడ్డాక మాత్రమే ఎదకు కట్టిన వారిలో నూటికి దాదాపు 16 మంది పోయారు. ఆ ఎద తల్లిది కావచ్చు, తల్లి లేవలేని స్థితిలో ఉంటే ఇంట్లో మరొకరిది కావచ్చు. మీ మనవడు కేజీ ఏడొందలు. నవ్విన వాళ్ళకు ఈ లెక్క తెలియదు పాపం.

మీ తోటికోడలి మాటకు వస్తే, అందులో చిటికెడు నిజం లేకపోలేదు. ఫిలిప్పీన్స్ దేశంలో సెబూ అనే చోట 624 మంది కుర్రవాళ్ళకు 2005లోనూ, మళ్ళీ 2009లోనూ టెస్టోస్టిరాన్ పరీక్ష చేశారు. ఫలితాలు 2011లో ప్రకటించారు. ఆ నాలుగేళ్ళలో పెళ్ళయి తండ్రులైన వారిలో ఈ హార్మోను బాగా తగ్గింది. రోజుకు మూడు గంటలూ ఆపైన బిడ్డను చూసుకునే తండ్రుల్లో ఇంకాస్త తక్కువగా ఉంది. దీన్ని విని కంగారు పడకండి. ఇది జబ్బు కాదు, నీరసం కాదు. మళ్ళీ తండ్రి కావడానికి అది అడ్డు రాలేదు. బిడ్డ దగ్గర నిలకడగా కూర్చునేందుకు శరీరం తనను తాను సర్దుకుంటున్నదని పరిశోధకులు అంటారు. అంటే తండ్రితనం కూడా ఒంట్లో ఉన్నదే గాని, కంప్యూటర్లతో పాటు దిగుమతి అయిన ఫ్యాషను కాదన్నమాట.

మీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. రాత్రిళ్ళు నిద్ర చాలక అబ్బాయి విసుక్కుంటున్నాడని, భోజనం తగ్గించాడని. దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. బాలింతలకు మనసు దిగులుపడడం మనకు తెలుసు. బిడ్డ పుట్టిన ఏడాదిలోపు తండ్రుల్లో కూడా నూటికి పదిమంది దాకా దిగులు జబ్బుకు లోనవుతారు. మగవాడు ఏడవడు, కసురుకుంటాడు, తాగుతాడు, లేదా ఫోను పట్టుకుని మూల కూర్చుంటాడు. మీవాడికి ఏడాది దాటింది గదా అని వదిలేయకండి. అలాంటిది రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపించండి. వారంలో మూడు రాత్రులు చిన్నవాడిని కోడలు పక్కలో పడుకోబెట్టుకుంటే సగం జబ్బు అక్కడే తగ్గవచ్చు కూడా.

తాళంచెవి పట్టుకున్న పిల్లవాడు

ఇల్లు చూసుకునే తండ్రి వింతగా కనిపించే రోజులు మన మెట్ట ప్రాంతంలో ఎప్పుడో పోయాయి. ఉదయగిరి వైపునుంచీ, అటు కడప, రాయచోటి వైపునుంచీ కువైట్‌లో ఇళ్ళ పనికి వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతమంది లేరు! ఆ ఇళ్ళల్లో పిలకాయలను ఎవరు చూస్తున్నారు? జేజి ఉంటే జేజి. లేకపోతే తండ్రే. అతన్ని చూసి నవ్వడానికి ఎవరికీ తీరిక లేదు. అయితే అతనికి ఆ పని ఎవరైనా నేర్పారా?

ఒక రాత్రి పదకొండు గంటలకు ఒక బేల్దారి మనిషి రెండున్నరేళ్ళ పిల్లవాడిని భుజాన వేసుకుని వచ్చాడు. పక్కింటివాడి మోటారు సైకిలు మీద తెచ్చారు. జ్వరంతో మూర్ఛ వచ్చింది. వచ్చేసరికే ఆగిపోయింది. పిల్లవాడి గుప్పిట్లో ఇనుప తాళంచెవి ఉంది. మూర్ఛ వస్తే ఇనుము పట్టించాలని ఎవరో చెప్పారట. కింది పెదవి చిట్లి రక్తం కారుతోంది. పళ్ళు విడదీయాలని స్పూను దూర్చారు.

“బరువెంత?” అన్నాను.

“తెలీదు సార్.”

“టీకాలన్నీ వేయించారా?”

“మా ఆమెకు తెలుసు సార్. ఉండండి, కనుక్కుంటాను” అని ఫోను తీశాడు. అక్కడ అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర. యజమాని ఇంట్లో వంటవేళ. ఫోను మోగుతూనే ఉంది. అతని చెయ్యి వణుకుతోంది.

“ఇంతకుముందెప్పుడన్నా మూర్ఛ వచ్చిందా?”

“ఆమెకు తెలుసు సార్” అన్నాడు మళ్ళీ.

అతను చెడ్డ తండ్రి కాదు. ఆరోజు కూలి మానుకుని పిల్లవాడి తల దగ్గరే కూర్చున్నాడు. తడిగుడ్డతో ఒళ్ళు తుడిచాడు. ప్రేమకు లోటు లేదు. తెలియకపోవడమే లోటు. అది తెలియజేయడం మా పని, మేము చేయలేదు. బిడ్డకు ఇచ్చే కార్డు పేరే మాతా శిశు సంరక్షణ కార్డు. అందులో తండ్రి పేరుకు ఒక గీత ఉంటుంది. ఏఎన్‌ఎమ్మ, ఆశా కార్యకర్త ఇంటికి వెళితే “అమ్మ ఉందా?” అని అడుగుతారు. లేదంటే తిరిగి వస్తారు. తర్వాత కార్డు తెప్పించి చూస్తే, పదహారు నెలలకు పైన వేయవలసిన తట్టు టీకా రెండో మోతాదు ఆ పిల్లవాడికి పడలేదు. అప్పటికే తల్లి విమానం ఎక్కేసింది. ఆ మోతాదు అయిదేళ్ళలోపు ఎప్పుడైనా వేయవచ్చు, వేశాము.

ఆ తండ్రికి చెప్పిందే మీ అబ్బాయికీ పనికి వస్తుంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో కొందరికి జ్వరంతో పాటు మూర్ఛ వస్తుంది. చూడడానికి భయంకరంగా ఉంటుంది గాని సాధారణంగా మెదడుకు చెరుపు చేయదు. పిల్లవాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. బట్టలు వదులు చేయండి. నోట్లో స్పూను గాని వేలు గాని మందు గాని నీళ్ళు గాని పెట్టవద్దు. ఇనుమూ వద్దు, ఉల్లిపాయా వద్దు. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే మార్గమధ్యంలో ఎవరి సలహాకూ ఆగకుండా ఆసుపత్రికి రండి. త్వరగా ఆగినా, మొదటిసారి అయితే ఆరోజే డాక్టరుకు చూపించాలి. పారాసిటమాల్ మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కేజీకి 15 మిల్లీగ్రాములు. ఒకే మందు ఒక సీసాలో పలుచగా, మరో సీసాలో చిక్కగా వస్తుంది. కాబట్టి ఎన్ని మిల్లీలీటర్లో డాక్టరు చేత సీసా మీదే రాయించుకోండి. విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. నీళ్ళు, పద్నాలుగు రోజులు జింకు. బరువు, టీకా తేదీలు, పడని మందులు, ఇవి ఇంట్లో ఇద్దరికీ నోటికి రావాలి.

ఆ బేల్దారి ఇప్పుడు కార్డును ప్లాస్టిక్ సంచిలో పెట్టి తెస్తాడు. మొన్న వచ్చినప్పుడు నేను అడగకముందే “పదమూడున్నర కేజీలు సార్” అన్నాడు.

నా సంగతి

ఇంత చెబుతున్నాను గదా, నా సంగతి కూడా చెప్పుకోవాలి. కత్తిలేని వేసెక్టమీలో నేను శిక్షణ పొందాను. చాలామందికి చేశాను. 2002లో మాకు రెండో బిడ్డ పుట్టింది. ఇక చాలనుకున్నాం. నెలా పదిహేను రోజులకు మా ఆవిడకు ట్యూబెక్టమీ జరిగింది. నాలుగో రోజున గాయం చీము పట్టింది. మానడానికి మూడు వారాలు పట్టింది. నాలుగేళ్ళ పెద్దదాన్ని అమ్మమ్మగారి ఊరు పంపించేశాం. చంటిదానికి పాలు ఇవ్వడానికి పక్కకు తిరగాలంటే మా ఆవిడ పళ్ళు బిగించుకునేది. నేను యాంటీబయాటిక్ రాసి, రోజూ కట్టు మార్చి, డ్యూటీకి వెళ్ళిపోయేవాణ్ణి. నా వంతు చేశాననే అనుకున్నాను.

మగ ఉద్యోగికి భార్య కాన్పు సమయంలో పదిహేను రోజుల సెలవు మన రాష్ట్రంలో 2005లో వచ్చింది. అప్పటికి లేదు. అది ఉంటే మాత్రం పెట్టి ఉండేవాణ్ణా? పెట్టేవాణ్ణి కాదేమో. ఇప్పుడు ఉన్నా పెట్టడానికి సిగ్గుపడే కుర్రవాళ్ళను చూస్తున్నాను. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే తండ్రికి ఆ చట్టమూ లేదు. 1961 నాటి ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి తల్లికి 26 వారాలు చేశారు, తండ్రి మాట ఎత్తలేదు.

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం, వేసెక్టమీ అంటే భయం లేదని నేను ఎవరికో ఫోనులో చెబుతుంటే విని మా ఆవిడ అడిగింది: “ఊళ్ళో మగవాళ్ళందరికీ చెబుతారు గదా, మరి మీరెందుకు చేయించుకోలేదు?”

“అప్పుడు నువ్వే గదా ముందుకు వచ్చావు” అన్నాను.

“మీరు చేయించుకుంటానని అనలేదు గదా. ఇంకెవరున్నారు?” అంది. కోపంగా అనలేదు. కూర తరుగుతూ అంది.

నాకప్పుడు జవాబు తోచలేదు, ఇప్పుడూ తోచడం లేదు. శాస్త్రం తెలియక కాదు గదా!

నేను ఒక్కణ్ణే కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయి పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషను చేయించుకున్నవారే. భర్తలు చేయించుకున్న జంటలు నూటికి ఒకటి కూడా లేవు. ఇది ఎప్పుడూ ఇలాగే లేదు సుమండీ. 1971 జూలైలో కేరళలో ఎర్నాకుళంలో జరిగిన ఒక్క శిబిరంలోనే అరవై వేలమందికి పైగా మగవాళ్ళు ఆపరేషను చేయించుకున్నారు. తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. 1976–77లో దేశం మొత్తం మీద 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో ముప్పాతిక వంతు మగవాళ్ళవే. ఎన్నో చోట్ల బలవంతంగా చేశారు. మగవాళ్ళు హడలిపోయారు, ప్రభుత్వాలూ హడలిపోయాయి. ఆ తర్వాత మగవాడి జోలికి ఎవరూ పోలేదు. లెక్కలు పూర్తి చేయడానికి ఆడవాళ్ళు దొరికారు. ఎమర్జెన్సీ తర్వాత పుట్టిన మగవాళ్ళ భయానికి కూడా ఖరీదు వాళ్ళే కట్టారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర ఒకే పూట 83 మంది ఆడవాళ్ళకు హడావుడిగా ఆపరేషన్లు చేస్తే, పదిమందికి పైగా చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు అలాంటి శిబిరాలను మూడేళ్ళలో ఆపివేయాలని చెప్పింది. ఈ వార్తలు చదివినప్పుడు నాకు, ట్యూబెక్టమీ రోజుల్లో ఆసుపత్రి వేపచెట్టు కింద టీ తాగుతూ కూర్చునే భర్తలు గుర్తుకు వస్తారు. వాళ్ళల్లో నేనూ ఒకణ్ణి, కాకపోతే తెల్లకోటు వేసుకుని లోపల ఉన్నాను.

అమ్మా, మీరు 1992లో రాత్రిబడికి వెళ్ళానన్నారు. మీ ఊరికి ఎంతో దూరం లేని కలిగిరి మండలం దూబగుంటలో ఆ చదువు నేర్చిన ఆడవాళ్ళే సారా కొట్టు మూయించారు. ఆ మంట జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. “మగవాళ్ళన్నాక తాగుతారు, ఆడవాళ్ళు ఏం చేయగలరు” అని ఆ రోజుల్లో మీ పెద్దవాళ్ళు కూడా అనే ఉంటారు. ఆ సంపూర్ణ మద్య నిషేధాలు తర్వాత వచ్చాయి, పోయాయి, అది వేరే కథ. మీకు ఆ మాట నచ్చలేదు కాబట్టే పలక పట్టుకున్నారు. మీ అబ్బాయి ఆ తర్వాత పుట్టినవాడు. మీ ఇంట్లో ఏం చూసి పెరిగాడో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇక చేయవలసింది చెబుతాను. పెళ్ళయి, అరవై ఏళ్ళలోపు ఉండి, ఏడాది దాటిన బిడ్డ ఒకరైనా ఉన్న మగవాడికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ ఆపరేషను ఉచితంగా చేస్తారు. అన్ని చోట్లా ఈ పద్ధతి నేర్చిన డాక్టరు ఉండరు. కాబట్టి మీ ఏఎన్‌ఎమ్ చేత ఎక్కడ, ఏ రోజు చేస్తారో ముందు కనుక్కోండి. కూలి నష్టానికి ఇచ్చే డబ్బు కూడా ఆడవారికంటే మగవారికే కొంచెం ఎక్కువ. కోడలి సంతకం చట్టప్రకారం అక్కర్లేదు గాని, ఇద్దరూ కలిసి రావడం మంచిది. షుగరు ఉన్నా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నా, గజ్జల్లో బుడ్డ గాని వాపు గాని ఉన్నా ముందే చెప్పాలి. వెంట్రుకలు కత్తిరించుకుని, శుభ్రంగా స్నానం చేసి, తేలికగా తిని రావాలి. బిగుతైన లోదుస్తులు రెండు జతలు తెచ్చుకోవాలి. వదులు లుంగీతో వెళితే వాపు ఎక్కువవుతుంది. రెండు రోజులు విశ్రాంతి. కంప్యూటరు పని మూడో రోజు మొదలు పెట్టవచ్చు. సైకిలు, బరువులు వారం దాకా వద్దు. జ్వరం వచ్చినా, వాపు పెరుగుతున్నా, చీము కారినా వెంటనే రావాలి.

ఆ వారం చిన్నవాడిని ఎత్తుకోవడం కూడా వద్దు. పది కేజీల పిల్లవాడు బరువే గదా. నీళ్ళు పోసే పని ఎవరిదో ముందే అనుకోండి. కోడలు రెండు రోజులు సెలవు పెడితే సరిపోతుంది. మోకాళ్ళ నొప్పితో మీరు పీట మీద కూర్చోవద్దు, పిల్లవాణ్ణి బల్ల మీద నిలబెట్టుకుని పోయండి.

ఆపరేషను అయిన రోజునుంచే పిల్లలు పుట్టరనుకోవద్దు. గొట్టంలో ముందే చేరిన కణాలు పూర్తిగా పోవడానికి మూడు నెలలు పడుతుంది. అందాకా నిరోధ్ వాడాలి. మూడు నెలల తర్వాత వీర్యపరీక్ష చేయించి, కణాలు లేవని చీటీ చేతికి వచ్చాక మానవచ్చు. “ఆపరేషనయ్యాక కూడా కడుపొచ్చింది” అని మీరు విన్న కథల్లో చాలా భాగం ఈ చీటీ తెచ్చుకోని వాళ్ళవే. ఆ తర్వాత కూడా తప్పే అవకాశం రెండువేలమందిలో ఒకరికి. నెల తప్పితే మాత్రం అనుమానాలు పెట్టుకోకుండా ఇద్దరూ ఆసుపత్రికి రావాలి.